స్టిక్కర్‌ని కాదు, సిస్టమ్‌నే అడగండి

కర్నూలు, కడపల్లో పిల్లల చదువుకి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒకటే: మూత మీద స్టిక్కర్‌ని నమ్మొద్దు, మెషీన్‌నే అడగండి.

విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-సిమ్‌ఇన్‌స్టాన్స్ అని, ఒక ఖాళీ వదిలి విన్32_ప్రాసెసర్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. ప్రాసెసర్ పేరు, స్పీడ్ వస్తాయి. స్పీడ్ 2400 అంటే 2.4 గిగాహెర్ట్జ్.

రెండోసారి ప్రాసెసర్ బదులు ఫిజికల్‌మెమరీ అని కొడితే, కెపాసిటీ దగ్గర ఒక్కో ర్యామ్ సైజు బైట్లలో వస్తుంది. 1024తో మూడుసార్లు భాగిస్తే జీబీలు. 8589934592 అంటే సరిగ్గా 8 జీబీ. రెండు ర్యామ్‌లుంటే కలుపుకోండి.

సెట్టింగ్స్‌లో 7.8 జీబీయే వాడుకోవచ్చని కనిపిస్తే కంగారొద్దు. మిగతాది గ్రాఫిక్స్ లాంటి వాటికి పోతుంది. కానీ 8 అని చెప్పి అమ్మేదాంట్లో 4 చూపిస్తే బేరం అక్కడే ఆపేయండి.

డబ్బులు చేతులు మారకముందే ఈ రెండు లైన్లూ కొట్టి చూడండి.