నిరుద్యోగికీ పట్టా కావాలట!

2018 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘ముఖ్యమంత్రి యువనేస్తం’ నిరుద్యోగికి నెలకు వెయ్యి రూపాయలన్నది. వయసు 22 నుంచి 35, చేతిలో తెల్లకార్డు, దాంతోపాటు డిగ్రీయో డిప్లొమానో ఉండాలన్నది.

పేదరికం సరే, పట్టా దేనికి? దేశంలో ఇరవై దాటిన ముస్లిముల్లో అవి ఉన్నవాళ్లు నూటికి నలుగురు కూడా లేరని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది కదా! పెదకూరపాడులో ఏడో తరగతికే బడి మాని మెకానిక్ షెడ్డులో చేరిన సాయిబుల పిల్లాడికి ఆ పనీ పోతే, సర్కారు లెక్కలో వాడు నిరుద్యోగి కూడా కాడు! చదువు అందనివ్వని వాళ్లే చదవలేదని భృతి ఎగ్గొడతారా?

2019లో ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగింది. 2024 ఎన్నికల్లో మూడు వేల హామీ వచ్చింది. మాకు ఖైరాత్ వద్దు. నిరుద్యోగి ఎవరో రాసేటప్పుడు ఆ షెడ్డు పిల్లాడినీ రాయండి. అది వాడి హక్కు.