అభివృద్ధి చదువు

"అత్తయ్యా, నేను అభివృద్ధి చదవాలనుకుంటున్నాను" అన్నది మా మేనకోడలు, రెండేళ్ళ క్రితం సంక్రాంతికి నేను కావలి వెళ్ళినప్పుడు.

మా వదిన వంటింట్లోంచే అందుకున్నది. "అభివృద్ధి కావలసిందిగాని చదవవలసింది కాదే! ఇంజనీరింగు చదవమంటే ఎకనామిక్సు అన్నావు. ఇప్పుడిదొకటా?"

అందరం నవ్వాం. కాని వదిన మాట కొట్టిపారేయదగ్గది కాదు. మన ఇళ్ళలో డాక్టరీ తెలుసు, ఇంజనీరింగు తెలుసు. అమ్మాయి "అంతర్జాతీయ అభివృద్ధి"లో ఎం.ఏ. చదువుతోందంటే, పెళ్ళిచూపులకు వచ్చినవారు "అంటే ఏమిటండీ?" అని అడుగుతారు. అప్పుడు మా అన్నయ్య మొహం చూడాలి!

సరే, నేనే తెలుసుకుందామని కూర్చున్నాను. రెండో ప్రపంచ యుద్ధం తరవాత, పరపాలన వదిలించుకున్న దేశాలు పేదరికం నుంచి బయటపడేదెలా అన్న ప్రశ్నలోంచి పుట్టిన చదువిది. 1949 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రమాణస్వీకార ప్రసంగంలో వెనుకబడిన దేశాలకు సాంకేతిక సహాయం మాట ఎత్తాడు. 1952లో హాలెండులోని హేగ్ నగరంలో ఇందుకోసం ఒక విద్యాసంస్థ వెలిసింది. ఆ ఏడే అక్టోబరు 2న మన దేశంలో సమాజ వికాస పథకం మొదలైంది. 1966లో ఇంగ్లండులో సస్సెక్స్ విశ్వవిద్యాలయంలో మరొకటి వచ్చింది. ఆర్థికశాస్త్రం, రాజకీయం, ఆరోగ్యం, వ్యవసాయం, స్త్రీల స్థితిగతులు అన్నీ తలా కొంచెం వేసి కాచిన కలగూర పులుసన్న మాట. బ్రిటన్‌లో చాలాచోట్ల ఏడాదిలో పూర్తవుతుంది.

"మన పల్లెల సంగతి తెలుసుకోవడానికి అంత దూరం పోవాలా?" అన్నారు మావారు. నాకూ అదే అనిపించింది. బొంబాయిలో టాటావారి సంస్థ 1936 నుంచీ వున్నది. పిల్ల మాత్రం తడుముకోకుండా చెప్పింది: "ఇక్కడే చూస్తూ వుంటే ఇది మన ఊరి ఖర్మ అనిపిస్తుంది, మామయ్యా. బంగ్లాదేశ్‌లోనూ, కెన్యాలోనూ ఇదే పని చేసినవాళ్ళ పక్కన కూర్చుంటే పొరపాటు ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది." మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పటికి ఏడాదిగా ఆ పిల్ల ఉదయగిరి వైపు పల్లెల్లో, ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తోంది. పొదుపు సంఘాల లెక్కలు చూడడం ఆమె ఉద్యోగం. 1992లో మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మీదికి వెళ్ళిన సంగతి మీకు తెలిసిందే. ఆ తరవాతే ఈ సంఘాలు జిల్లా అంతటా అల్లుకున్నాయి.

ఇక దరఖాస్తు. మార్కుల పత్రాలు, ఇంగ్లీషు పరీక్ష, ఇద్దరు పెద్దల సిఫార్సు ఉత్తరాలు, ఇవన్నీ ఓపిక వుంటే అయ్యే పనులే. అసలు తంటా "స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్" దగ్గర వచ్చింది. నువ్వెవరు, ఈ చదువెందుకు, చదివి ఏం చేస్తావు అన్నది ఒకటి రెండు పేజీల్లో రాయాలి. ఊళ్ళో కన్సల్టెన్సీ అతను ఒక నమూనా చేతిలో పెట్టాడు. పిల్ల దాన్ని అటూ ఇటూ మార్చి నాకు చదివి వినిపించింది. "చిన్ననాటి నుంచీ పేదరికం నా హృదయాన్ని కలచివేసింది..."

"ఎవరింట్లో చూశావే? మీ ఇంట్లో మూడు ఫ్యాన్లు, రెండు స్కూటర్లు!" అన్నాను.

మొహం ముడుచుకున్నది గాని, మాట తగిలింది. ఈ రోజుల్లో ఇలాంటివి యంత్రాలు కూడా నిమిషంలో రాసిపెడుతున్నాయట. హృదయం లేని యంత్రానికీ హృదయం కలచివేయబడుతోందంటే, ఆ వాక్యానికి ఇక విలువేమిటి?

సస్సెక్స్ సంస్థలో చాలాకాలం పనిచేసిన రాబర్ట్ చేంబర్స్ అనే ఆయన 1983లో గ్రామాభివృద్ధి మీద ఒక పుస్తకం రాశాడు. పట్నం నుంచి వచ్చే పెద్దమనుషులు తారురోడ్డు పక్క ఊళ్ళే చూస్తారు, వానలు లేనప్పుడే వస్తారు, ఊరి పెద్దలతోనే మాట్లాడి పోతారు, అసలు పేదవాళ్ళు వాళ్ళ కంట పడరు అని అందులో వాపోయాడు. ఆ ముక్క చెప్పి, "నీ కాగితం తారురోడ్డు మీద నిలబడి రాసినట్టుంది. దిగి చూసిందేమీ లేదా?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పింది. ఒక సంఘంలో బాకీలన్నీ పైసాతో సహా జమ అవుతున్నాయి. రిజిస్టరు ముచ్చటగా వుంది. పైవాళ్ళు ఈ పిల్లని మెచ్చుకున్నారు. ఒకనాడు ఒకామె ఇంటికి వెళితే తెలిసింది, ఆవిడ ఊళ్ళో మరొకరి దగ్గర నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి సంఘం వాయిదా కడుతోందని! గొర్రెలు అప్పటికే అమ్మేసింది. రిజిస్టరులో మాత్రం ఆవిడ పేరు పక్కన మచ్చ లేదు.

"అది రాస్తే మా సంస్థకు చెడ్డపేరు కదా, అత్తయ్యా?"

"సంస్థ పేరు రాయకు. నీకు పుట్టిన ప్రశ్న రాయి" అన్నాను. అప్పు తీరడమూ, బతుకు బాగుపడడమూ ఒకటేనా అన్నదే ఆ ప్రశ్న. 2010 అక్టోబరులో మన రాష్ట్రం సూక్ష్మఋణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చిందంటే, దాని వెనక వున్నదీ ఇలాంటి అప్పుల గొడవే.

సిఫార్సు ఉత్తరం దగ్గర ఇంకో చిక్కు. కాలేజీలో చదువు చెప్పినాయన "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను" అన్నాడు. చాలామంది అలాగే చేస్తారట. ఆయన మంచివాడే, తీరిక లేదు. కాని తనను గురించి తానే "మేధావి" అని రాసుకోలేక పిల్ల తిరిగొచ్చేసింది. చివరికి పల్లెల్లో తనతో తిరిగిన పై ఉద్యోగిని ఒకరు రాసిచ్చారు. తప్పులు కూడా రాసిందట ఆ మహాతల్లి!

రెండు చోట్ల సీటు వచ్చింది. డబ్బు రాలేదు. మన తలిదండ్రులు ఇది బాగా గుర్తుంచుకోవాలి: ప్రవేశం వేరు, వేతనం వేరు. బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ వేతనం ఫీజూ, భోజనం ఖర్చూ, విమానం చార్జీ కూడా భరిస్తుంది. కాని దానికి రెండేళ్ళ ఉద్యోగానుభవం వుండాలి, చదువయ్యాక స్వదేశానికి వచ్చి రెండేళ్ళు వుండాలి. మా పిల్లకు అప్పటికి అనుభవం చాలలేదు.

మా అన్నయ్య మారు మాట్లాడకుండా ఇంటి దస్తావేజులు బయటికి తీశాడు. వీసాకోసం బ్యాంకులో సొమ్ము 28 రోజులు వరసగా కనబడాలి కదా, "ఆ నెల్లాళ్ళకి నేను సర్దుతాలే" అని ఒక బంధువు ముందుకు వచ్చాడు కూడా. చూపించడానికి సర్దిన డబ్బు చదివిస్తుందా? పైగా ఈ చదువు చదివినవాళ్ళకు వచ్చే జీతాలు కంప్యూటరు వాళ్ళవి కావు. ఇల్లు తాకట్టు పెట్టి తిరిగి రూపాయల్లో తీర్చాలంటే ఎన్నేళ్ళు పడుతుందో పిల్లే లెక్క వేసి తండ్రి ముందు పెట్టింది. "ఇంకో ఏడాది పని చేస్తాను నాన్నా. సీటు ఎక్కడికీ పోదు, మళ్ళీ తెచ్చుకుంటాను" అన్నది. దస్తావేజులు బీరువాలోకి వెళ్ళాయి. ఆ రాత్రి అన్నయ్య అన్నం సరిగా తినలేదని వదిన ఫోనులో చెప్పింది. సంతోషమో, చిన్నతనమో ఆవిడకీ అర్థం కాలేదట.

మొన్న అక్టోబరు గడువులోగా చెవెనింగ్‌కు దరఖాస్తు పంపింది. పంపేముందు, తన సంగతి రాసుకోవచ్చునా అని అడగడానికి ఆ గొర్రెలమ్మిన ఆవిడ దగ్గరికి వెళ్ళిందట.

"రాసుకో పాపా, నా పేరు మాత్రం రాయబాకు" అన్నదట ఆవిడ. ఒక్క క్షణం ఆగి, "నువ్వా చదువు చదివొస్తే వడ్డీ తగ్గుద్దా?" అని అడిగిందట.

"నువ్వేం చెప్పావే?" అన్నాను.

"ఏమీ చెప్పలేకపోయాను, అత్తయ్యా. ఆవిడ బాకీలన్నీ మొదటినుంచీ మళ్ళీ రాసి, ముందు బయటి అప్పు తీర్చేట్టు లెక్క వేసి ఇచ్చాను. సంఘం వాయిదా మూడు నెలలు ఆపమని మీటింగులో అడగాలి. రేపు మంగళవారం మీటింగు."