మామిడి రసం: ఆ వరానికీ ఒక కొలత ఉంది

వేసవి రాగానే జి. కొండూరు, మైలవరం, నూజివీడు తోటలలో మామిడి కోతకు వస్తుంది. చిన్న రసాలు, పెద్ద రసాలు గంపలతో ఇళ్లకు చేరతాయి. ఇవి బంగినపల్లివలె ముక్కలు కోసుకొనే జాతులు కావు. పేరుకు తగినట్లు పిండుకొని త్రాగేవి. వచ్చిన అతిథికి గ్లాసెడు రసం అందించడం మన ఇళ్ల మర్యాద.

అల్లాహ్ ప్రసాదించిన ఈ ఫలంలో మేలు మెండు. పండుకు పసుపు వన్నెనిచ్చే బీటా కెరోటిన్ శరీరంలో విటమిన్ ‘ఎ’గా మారి కంటిచూపును కాపాడుతుంది. ఇందులోని విటమిన్ ‘సి’ వలన ఆకుకూరలు, పప్పులలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కనుక రక్తహీనత గల ఆడపిల్లలకు భోజనంతోపాటు కొంత పండు ఇవ్వడం మంచిది.

అయితే పండు నిజాయితీగా పండినదై ఉండాలి. కార్బైడుతో మాగబెట్టడాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. అటువంటి పండు పైకి పసుపు, లోపల పులుపు. పైన పొడిగా, లోపల తడిగా ఉన్న ధాన్యపు రాశిని అంగడిలో చూసి, మోసగించేవాడు తనవాడు కాడని మహాప్రవక్త (స) హెచ్చరించిన సంగతి వర్తకులు మరువరాదు. ఇంట్లో వరిగడ్డిలో మాగబెట్టుకోవడం శ్రేష్ఠం.

ఇక కొలత. ‘పండే కదా’ అని షుగర్ వ్యాధి గల పెద్దలు గ్లాసు మీద గ్లాసు త్రాగడం మేము చూస్తున్నాము. 100 గ్రాముల గుజ్జులో సుమారు 14 గ్రాముల చక్కెర ఉంటుంది. గ్లాసు రసానికి రెండు మూడు పండ్లు పడతాయి. వడకడితే పీచు పిప్పితో పోతుంది. చక్కెర త్వరగా రక్తంలో చేరుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పండ్ల రసంలోని చక్కెరను సైతం తగ్గించుకోవలసిన వాటిలో చేర్చింది. ఆపైన పంచదార కలపడం ఎందుకు?

తినండి, త్రాగండి అంటూనే మితిమీరవద్దని అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతు ఆదేశిస్తున్నది. దేహం మన వద్దనున్న అమానతు. అదుపు తప్పిన షుగర్ కన్నులను, మూత్రపిండాలను, పాదాలను దెబ్బతీస్తుంది. అట్టివారిని “మరొక్క గ్లాసు” అని బలవంతపెట్టడం ఆతిథ్యం కాదు. వారికి వైద్యుడు చెప్పిన మేరకు రెండు ముక్కలు పెట్టండి. మిగిలిన పండ్లు పొరుగింటికి పంపండి.

తన వరాలను మితంగా అనుభవించే వివేకాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.