పసుపు రైతు పట్టు, చెరకు రైతు పాట్లు

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. వారిలో 178 మంది రైతులే. పసుపు బోర్డు కావాలని, పసుపుకూ ఎర్రజొన్నకూ మద్దతు ధర కావాలని అడిగీ అడిగీ విసిగి, చివరికి నామినేషన్ పత్రాలు పట్టుకున్నారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. ఒత్తిడి అంటే అదీ. 2023 అక్టోబరులో ప్రధాని బోర్డు ప్రకటించారు, 2025 జనవరిలో అది మొదలైంది. (ధర కోసం పోరాటం ఇంకా మిగిలే ఉంది.) మరి ఇదే జిల్లాలో 1937లో పుట్టిన బోధన్ నిజాం షుగర్స్ చక్కెర మిల్లు 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడితే, తెరిపిస్తామన్న హామీలు ఎన్నిసార్లు విన్నా, చెరకు రైతు అంత గట్టిగా ఎందుకు పట్టుబట్టలేకపోయాడు? నా లెక్కలో కారణం పంటలోనే ఉంది. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్మును నెలల తరబడి దాచుకోవచ్చు. నరికిన చెరకు వెంటనే గానుగకు ఎక్కకపోతే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. దొరికిన మిల్లుకే తోలాలి. మిల్లే లేకపోయేసరికి చాలామంది వరికి మళ్లారు, అడగాల్సిన గుంపే చెదిరిపోయింది. మిల్లు తెరవమంటే, ఇప్పుడు చెరకెక్కడుందని ప్రశ్నించడం అన్యాయం. పంట మార్చే రైతు ఏడాది రాబడిని పణంగా పెడతాడు. కాబట్టి గానుగ ఆడే తేదీ, కొనుగోలు హామీ ముందుగా కాగితం మీద రాసివ్వాల్సింది సర్కారే. ఆ కాగితం చేతికొచ్చేదాకా బోధన్ రైతులూ కార్మికులూ కలిసి అడగాలి.