తీర్మానమూ చేశారు, డబ్బూ ఇచ్చారు

ఇరాక్‌లో "సర్జ్" నెగ్గిందని మనవాళ్ళు కొందరు ఇప్పటికీ అంటుంటారు. ఏం నెగ్గింది? 2007 జనవరి 10న బుష్ గారు 20,000 మందికి పైగా సైనికుల్ని అదనంగా పంపుతున్నానన్నది ఇరాక్ నాయకులు రాజీపడేందుకు వ్యవధి ఇవ్వడానికట. హింస తగ్గిన మాట నిజమే. అయితే అన్బర్‌లో సున్నీ తెగలు అల్-ఖైదా మీద తిరగబడటం మొదలైంది 2006లోనే. అదంతా సర్జ్ ఖాతాలో రాసేసుకున్నారు. నిలిచే రాజీ మాత్రం కుదరలేదు. 2014లో మోసుల్ ఐసిస్ పాలయింది.

నా కోపం బుష్ మీదకన్నా వ్యతిరేకించామన్న వాళ్ళ మీదే ఎక్కువ. యుద్ధంతో విసిగే కదా 2006 నవంబరులో జనం డెమోక్రాట్లకి రెండు సభలూ అప్పగించింది! ఫిబ్రవరి 16న హౌస్ 246-182 ఓట్లతో సర్జ్ వద్దని తీర్మానించింది. ఎవరూ పాటించనక్కర్లేని తీర్మానం! సెనేట్‌లో అదీ ముందుకి కదల్లేదు. మే 1న, ఉపసంహరణ గడువు పెట్టిన నిధుల బిల్లుని బుష్ వీటో చేస్తే, ఆ నెలలోనే గడువు తీసేసి డబ్బు ఇచ్చేశారు. సెనేట్‌లో కాదన్నది 14 మందే. ఆ యుద్ధంలో అమెరికన్ సైనికులు అత్యధికంగా చనిపోయిన ఏడాది కూడా అదే.

నిధులాపితే సైనికులకి ద్రోహమట! 1973లో ఇదే కాంగ్రెస్ నిధులాపితేనే ఆగస్టు 15తో కంబోడియా మీద బాంబులు ఆగాయి.

మనలో ఓటున్నవాళ్ళు ఫండ్‌రైజర్లకి వెళ్ళి ఫోటో దిగి వచ్చేస్తారు. ఈసారి చెక్కు రాసేముందు మీ కాంగ్రెస్ సభ్యుణ్ణి ఒక్కటి అడగండి: మాటల్లో కాదంటారా, డబ్బు దగ్గరా?