అమ్మకి ఫోనెందుకంటారా?

అమెరికాలో కూతురికో కోడలికో పురుడు పొయ్యటానికి వెళ్ళే తల్లులు మా వేమూరు, తెనాలి, రేపల్లె వైపు ఎందరో. పెట్టె సర్దటం మనకి కొట్టిన పిండి. శొంఠి, వాము, కారప్పొడి, ఆవకాయ... అన్నీ తూకం వేసి మరీ పెడతాం. ఒక్క ఫోను సంగతి మాత్రం పిల్లలకొదిలేస్తాం. వాళ్ళేమో, "అక్కడ మేమున్నాంగా అమ్మా, నీకు ఫోనెందుకు?" అంటారు. ప్రేమగానే అంటారు. కాని ఆ మాట నాకు బొత్తిగా గిట్టదు.

మేమున్నామన్నవాళ్ళు తెల్లారితే ఆఫీసుకి పోతారు. ఇంట్లో వైఫై ఉంటుంది, నిజమే. గుమ్మం దిగితే అది మన వెంట రాదుగా! మనవణ్ణి బండిలో కూర్చోబెట్టుకుని నాలుగు వీధులు తిరిగితే అన్నీ ఒకే మూసలో పోసినట్టున్న ఇళ్ళే. దారి తప్పితే ఎవరికి చెప్పుకోవాలి?

పోనీ, సాయంత్రం అల్లుడి ఫోనడిగి మాట్లాడదామా? వేసవిలో న్యూజెర్సీలో రాత్రి 9 గంటలైతే వేమూరులో తెల్లవారి 6:30. చెల్లెలు అప్పుడే లేచి కాఫీ పెట్టుకుంటూ ఉంటుంది. పక్కన అల్లుడుండగా దానితో కష్టం సుఖం చెప్పుకోగలమా?

అసలు ముప్పు మరొకటుంది. బాంకు పనికి ఓటీపీ వచ్చేది మన ఊరి నంబరుకే. అంటే ఆ నంబరు ఈ రోజుల్లో మన సంతకం. విదేశీ రోమింగు పెట్టించకుండా విమానం ఎక్కితే ఆ సంతకం మూగబోయినట్టే. ప్రీపెయిడ్ సిమ్‌ని 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే, ఖాతాలో 20 రూపాయలు కూడా లేకపోతే, కంపెనీ దాన్ని ఆపెయ్యవచ్చు. తర్వాత ఆ నంబరు ఇంకెవరికో పోవచ్చు కూడా. మనమేమో ఆరు నెలలుందామని వెళ్తాం! తిరిగొచ్చి కౌలు డబ్బులు తీసుకోబోతే మన నంబరు మనది కాదంటే ఏం చేస్తాం?

"పెద్దవాళ్ళు ఏదో నొక్కేస్తారు, బిల్లు పేలిపోతుంది" అంటారు. పేలే మాట నిజమే. అందుకు మందు ఫోను లాక్కోవటమా, మీట చూపించటమా? డేటా రోమింగు ఆపేస్తే ఇంటర్నెట్ తాలూకు బిల్లు రాదు. వైఫై ఉన్నచోట వాట్సాప్‌లో మాట్లాడుకోవచ్చు. బయట తిరగటానికి అక్కడి సిమ్ ఒకటి కావాలి. రెండు సిమ్‌లు పట్టే ఫోనైతే మన నంబరూ బతికే ఉంటుంది. చీటీపాటల లెక్కలు నోటితో తేల్చే మనిషికి ఈ మాత్రం అర్థం కాదా?

ఇది పిల్లల మీద కోపం కాదు. మన బద్ధకం మీద కోపం. టిక్కెట్టు కొన్ననాడే అడగండి: "నా నంబరు అక్కడ పని చేస్తుందా? రీఛార్జి ఎన్నాళ్ళదాకా ఉంది? అక్కడి సిమ్ ఎవరు కొంటారు?" జవాబు వచ్చేదాకా పెట్టెకి తాళం వెయ్యకండి.