పింఛను వెనక పెదపాడు మనిషి
ఒకటో తారీఖు పొద్దున్నే చౌడేపల్లెలో ఇంటి అరుగు మీద కూర్చుని ఒక అవ్వ మెషిన్‌ మీద వేలు పెడుతుంది. టమాటా కోతల్లో గీతలు అరిగిపోయిన ఆ వేలిముద్ర రెండు మూడుసార్లు నొక్కితేగానీ పడదు. నాలుగు వేల పింఛను చేతిలో పడ్డాక అది ఎవరి చలవో చెప్పడానికి పార్టీల వాళ్లు పోటీ పడతారు. దామోదరం సంజీవయ్య పేరు మాత్రం ఎవరి నోటా రాదు. నన్ను కలచివేసేది అదే. కర్నూలు పక్క పెదపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టి, 1960 జనవరిలో 38 ఏళ్లకే ముఖ్యమంత్రి అయి, ఈ రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనుకు శ్రీకారం చుట్టింది ఆయనే. ఉన్నది రెండేళ్లే. ఆ రెండేళ్లలోనే భూమి లేనివాళ్లకు భూములు పంచారు. అవినీతి నిరోధక శాఖ 1961లో పుట్టిందీ ఆయన హయాంలోనే. తర్వాత ఢిల్లీ వెళ్లి, శాస్త్రి మంత్రివర్గంలో కార్మిక శాఖ చూస్తుండగా 1965లో బోనస్ చట్టం వచ్చింది. సంస్థకు నష్టం వచ్చినా కార్మికుడికి జీతంలో కనీసం నాలుగు శాతం ఇచ్చి తీరాలంది ఆ చట్టం. ముసలితనానికి పింఛను, చెమటకు బోనస్: పదవి మారినా ఆయన పట్టు మారలేదు. అలాంటివారిని తొలి దళిత ముఖ్యమంత్రి అని జయంతికొక దండతో సరిపెట్టడం అన్యాయం. తోటల్లో ఆ అవ్వలాంటి కోత కూలీలకు ఆ బోనస్ నేటికీ అందలేదు. విగ్రహాలు పెట్టే ముందు మన ఎమ్మెల్యేలు దాని గురించి అడగాలి.